పోయే టికెట్టు, వచ్చే టికెట్టు



ఈసారి కొంచెం పెద్ద కథే. తీరిక చూసుకుని చదవండి.

కిందటి కార్తీకమాసంలో నాగావళి ఒడ్డున వనభోజనాలు పెట్టుకున్నాం కదా, ఇది అక్కడ మొదలైన మాట. భోజనాలయ్యాక చాపల మీద కూర్చుని కబుర్లాడుకుంటున్నాం. సునాబెడలో ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు రాయగడలో ఉంటున్న మన మావయ్యగారు ఒకరు ఫోన్ నా చేతికిచ్చారు.

"బాబూ, ఇది నిజమో మోసమో కాస్త చూసి చెప్పు" అన్నారు.

చూశాను. స్పెయిన్‌లోని బార్సిలోనా నుంచి అమెరికాలోని మయామీకి ఓడ. అట్లాంటిక్ సముద్రం దాటుతుంది. నవంబరులో బయల్దేరి సుమారు రెండు వారాలు. పడక, భోజనం అన్నీ ఓడలోనే. వాళ్లమ్మాయి ఫ్లోరిడాలో ఉంటుంది. ఎలాగూ వెళ్లాల్సిందే, ఇలా వెళ్తే ఏం అని ఆయన ఆలోచన.

"ఓడ నిజమే మావయ్యగారూ. కానీ అటు తీసుకెళ్లడమే దాని పని. మళ్లీ తీసుకురాదు" అన్నాను.

"ఆ సంగతి తెలుసు. బార్సిలోనా దాకా విమానంలో వెళ్తాం. అమ్మాయి దగ్గర రెండు నెలలుండి మయామీ నుంచి విమానంలో వచ్చేస్తాం. చిక్కల్లా ఎక్కడంటే, ఒకవైపు టికెట్టు అడిగితే రానుపోను టికెట్టు కంటే ఎక్కువ చూపిస్తోంది. సగం దూరానికి ఎక్కువ డబ్బా? ఇదెక్కడి లెక్క?"

పక్కనున్న కుర్రాడు ఒకడు నవ్వాడు. "ఈ రోజుల్లో ఒకవైపు టికెట్టు ఎవరు కొంటారండీ?" అన్నాడు.

మా నాన్నగారికి ఎనభై ఆరేళ్లు. అప్పటిదాకా కళ్లు మూసుకుని చెట్టుకు ఆనుకుని ఉన్నారు. కళ్లు తెరవకుండానే అన్నారు: "మా నాన్న రంగం వెళ్లడానికి కొన్నది ఒకవేపు టికెట్టేరా. రానుపోను టికెట్టని ఒకటుంటాదని ఆయనకి తెలీనే తెలీదు."

అక్కడ అందరూ ఒక్క క్షణం ఊరుకున్నారు. మనలో చాలామంది ఇళ్లలో రంగం వెళ్లిన మనిషి ఒకరుంటారు. రంగూన్ అన్న పేరు పుస్తకాల్లోది, మన ఇళ్లలో అది రంగమే. మావయ్యగారి ప్రశ్నకి జవాబు వెతుకుదామని ఇంటికొచ్చి చదవడం మొదలుపెట్టాను. టికెట్ల ధరల గురించి చదువుతుంటే మా తాత కథ కూడా అందులోనే దొరికింది. ఒకవైపు టికెట్టు ధర దూరాన్ని బట్టి ఉండదు. ఆ మనిషి తిరిగి రావడం ఎవరికి కావాలి, ఎవరి చేతుల్లో ఉంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. మన తాతల కాలంలో అదే లెక్క, ఈ రోజూ అదే లెక్క.

ముందు మన తాతల సంగతి.

ఆ రోజుల్లో కొరాపుట్, రాయగడ, గుణుపురం, జయపురం అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలో ఉండేవి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు మనం ఇటు వచ్చాం. సరిగ్గా ఏడాదికి, 1937 ఏప్రిల్ 1న, బర్మాను ఇండియా నుంచి విడదీశారు. అంటే మా తాత మొదటిసారి రంగం వెళ్లినప్పుడు ఒకే దేశంలో ఒక మూల నుంచి ఇంకో మూలకి వెళ్లాడు. చివరిసారి వెళ్లేనాటికి ఆయన సొంతూరు ఇంకో రాష్ట్రంలో, పనిచేసే ఊరు ఇంకో దేశంలో ఉన్నాయి. ఆయన మాత్రం ఇల్లు మారలేదు, పని మారలేదు.

గుణుపురం నుంచి పర్లాకిమిడి మీదుగా నౌపడాకి చిన్నరైలుండేది. నౌపడా, పర్లాకిమిడి మధ్య 1900లో మొదలై, తర్వాత 1931 నాటికి గుణుపురం దాకా పొడిగించారు. నౌపడాలో పెద్దరైలెక్కి విశాఖ, అక్కడ ఓడ. విశాఖ హార్బరు తెరిచింది 1933లో. అంతకు ముందు వెళ్లినవాళ్లకి ఓడ తీరానికి వచ్చేది కాదు. సముద్రంలో దూరంగా నిలబడితే, అలల మీద మసూలా పడవల్లో ఊగుతూ వెళ్లి నిచ్చెన పట్టుకుని ఎక్కాలి. బారువ, కళింగపట్నం, భీమిలి, కాకినాడ అన్ని రేవుల్లోనూ అదే తంతు.

ఆ ఓడలు ఎక్కువగా బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీవి. 1856లో కలకత్తా, బర్మాల మధ్య ఉత్తరాలు మోసే చిన్న కంపెనీగా పుట్టి, 1862లో ఆ పెద్ద పేరు పెట్టుకుంది. కిందంతా సరుకు, పైన డెక్కు మీద జనం. గది లేదు, మంచం లేదు. చాప పరుచుకున్నంత మేర మనది. అన్నం మూట, నీళ్ల కుండ ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి.

రంగంలో బియ్యం మిల్లులు, కలప డిపోలు, రేవులో బరువులు ఎత్తే పని. కొత్త ధాన్యం మిల్లులకి చేరే కాలానికి మనుషులు వేలల్లో కావాలి. మనవైపు కోతలైపోయి పనులుండని కాలం కూడా దాదాపు అదే. ఈ రెండింటినీ కలిపినవాడు మేస్త్రీ. ఊళ్లోకి వచ్చి, కొంత డబ్బు ముందు ఇంట్లో ఇచ్చి, ఓడ టికెట్టు తనే కొనేవాడు. అక్కడికెళ్లాక కూలి మేస్త్రీ చేతుల మీదుగా వచ్చేది. టికెట్టు డబ్బు, బయానా, వాటి మీద వడ్డీ, తిండి ఖర్చు అన్నీ పట్టుకుని మిగిలితే ఇచ్చేవాడు.

ఇక్కడ ఒకటి గమనించండి. పోయే టికెట్టుకి మా తాత జేబులోంచి ఒక్క రూపాయి పెట్టలేదు. అందుకే అది చవకగా కనిపించింది. వచ్చే టికెట్టు మాత్రం ఎవరూ కొనిపెట్టరు. అప్పు తీరాకే, దాచుకున్నాకే అది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అని మనం మనుషుల బుద్ధి గురించి అంటాం. మేస్త్రీ దగ్గర కూలివాడి పని సరిగ్గా అంతే. ఓడెక్కేదాకా "తమ్ముడూ" అన్నవాడే రేవులో దిగాక పేరు కూడా పిలవడు.

బర్మావాళ్లు మన తెలుగువాళ్లను కొరంగీలనేవారు. కోరంగి రేవు నుంచి వచ్చిన పేరది. కోరంగివైపు నుంచి కూలిపనికి వెళ్లి రంగం రేవులో పెద్ద కాంట్రాక్టరైన మల్లాడి సత్యలింగ నాయకర్ లాంటివాళ్లూ ఉన్నారు. ఆయన పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది. కానీ ఆయనలాంటివాడు ఒక్కడుంటే, అప్పు తీరక అక్కడే ఉండిపోయినవాళ్లు ఎందరో.

మా తాత 1934లో మొదలుపెట్టి మూడుసార్లు వెళ్లాడు. రెండుసార్లు ఓడలోనే వచ్చాడు. మూడోసారి ఓడ లేదు. 1941 డిసెంబరు 23న రంగం మీద జపాన్ బాంబులు పడ్డాయి. 1942 మార్చిలో ఊరు జపాన్ చేతికి పోయింది. ఈ మధ్యలో ఓడ దొరికినవాళ్లు ఓడలో, డబ్బూ పలుకుబడీ ఉన్న కొద్దిమంది మిచినా నుంచి విమానంలో బయటపడ్డారు. లక్షల మంది నడిచారు. కొందరు టాము మీదుగా మణిపూరుకి, కొందరు ప్రోమ్ నుంచి టౌంగప్ కనుమ దాటి అరకాన్ తీరానికి. మా తాత టౌంగప్ దారిన వచ్చాడు. అక్కడ్నుంచి పడవలో అక్యాబు, అక్కడ్నుంచి చిట్టగాంగు, ఆ తర్వాత రైళ్లు. కలరా, నీళ్లు లేకపోవడం, దారిపక్కన పడిపోయిన మనుషులు. ఆయనతో బయల్దేరిన మన ఊరివాళ్లలో ఇద్దరు ఇల్లు చేరలేదు. మా నాన్నగారికి అప్పటికి మూడేళ్లు. గుమ్మంలో నిలబడ్డ గడ్డం మనిషిని చూసి భయపడి ఏడ్చారట.

ఇది బర్మా వెళ్లినవాళ్ల కథ. మన కొండల మీంచి వెళ్లినవాళ్ల కథ ఇంకొకటి. విశాఖ, గంజాం మన్యాల నుంచి ఎన్నో ఆదివాసీ కుటుంబాలు అస్సాం తేయాకు తోటలకు వెళ్లాయి. అదీ ఒకవైపు ప్రయాణమే. తోటలో దింపేదాకా దొర ఖర్చు, తిరిగి రావాలంటే ఎవరి దారి వాళ్లది. 1932లో చేసిన చట్టం ఇక్కడ ఒక మార్పు తెచ్చింది. మూడేళ్లు పనిచేసిన కూలీ ఇంటికి వెళ్తానంటే ఆ ఖర్చు తోట యజమాని పెట్టుకోవాలని రాశారు. అది కాగితం మీద ఎంత, నేల మీద ఎంత అన్నది వేరే సంగతి. కానీ "తిరిగి వచ్చే టికెట్టు కూలీ హక్కు" అని చట్టంలో ఒక వాక్యం పడటమే చిన్న విషయం కాదు.

ఇంకాస్త వెనక్కి వెళ్తే దక్షిణాఫ్రికా. మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. తెలుగువాళ్లు అందులోనూ ఉన్నారు, తర్వాత వెళ్లిన ఓడల్లోనూ ఉన్నారు. అయిదేళ్లు ఒప్పందం మీద చెరకు తోటల్లో పని, పదేళ్లు అక్కడుంటే తిరుగు ఓడ ఉచితం. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ చాలామంది అక్కడే ఉండి కూరగాయలు పండించి, కొట్లు పెట్టుకుని నిలదొక్కుకున్నారు. అది తెల్లవాళ్లకి నచ్చలేదు. ఒప్పందం అయ్యాక తిరిగి వెళ్లకుండా, మళ్లీ ఒప్పందంలో చేరకుండా ఉండేవాళ్ల మీద ఏడాదికి మూడు పౌన్ల పన్ను వేస్తూ 1895లో చట్టం చేశారు. 1913లో గాంధీ వెనక బొగ్గు గనుల కూలీలు, చెరకు తోటల కూలీలు సమ్మెకు దిగింది ముఖ్యంగా ఈ పన్ను మీదే. 1914లో ఎత్తేశారు. చూశారా, ఒకచోట తిరిగి వెళ్లనివ్వరు, ఇంకోచోట తిరిగి వెళ్లమని తరుముతారు. రెండుచోట్లా టికెట్టు మన చేతుల్లో లేదు.

ఇక మావయ్యగారి అట్లాంటిక్ దగ్గరికి వద్దాం. ఆ సముద్రం దాటిన తెలుగువాళ్లలో మొదట గుర్తొచ్చే పేరు యల్లాప్రగడ సుబ్బారావు. భీమవరంలో పుట్టిన ఆయన 1922 అక్టోబరు 26న బోస్టన్‌లో దిగారు. ప్రయాణానికి డబ్బెక్కడిది? కొంత మామగారు పోగుచేశారు. అండగా నిలబడిన ఇంకో చెయ్యి కాకినాడలోని సత్యలింగ నాయకర్ చారిటీస్. రంగం రేవులో బరువులెత్తించి సంపాదించిన డబ్బు, ఆ నాయకర్ వీలునామా వల్ల, ఒక తెలుగు డాక్టరును హార్వర్డుకి పంపింది. డెక్కు మీద చాప పరుచుకుని వెళ్లినవాళ్ల చెమట అందులో కొంతైనా ఉంది.

సుబ్బారావు కొన్నేళ్లు చదువుకుని వచ్చేద్దామనే వెళ్లారు. మొదట్లో స్కాలర్‌షిప్ లేక ఆసుపత్రిలో రాత్రిపూట పోర్టరుగా పనిచేశారు. ఇంటి దగ్గర పుట్టిన కొడుకుని ఆయన చూడనే లేదు, ఆ పసివాడు ఏడాది నిండకుండానే పోయాడు. 1923లో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులకు పౌరసత్వం చెల్లదంది. 1946లో చట్టం మారేదాకా అదే పరిస్థితి. ఒకసారి దేశం వదిలితే మళ్లీ ఆ ల్యాబులో అడుగుపెట్టనిస్తారో లేదో తెలియని బతుకు. ఫోలిక్ యాసిడ్, మెథోట్రెక్సేట్, అరియోమైసిన్ ఇవన్నీ ఆయన నడిపిన పరిశోధనల్లోంచి వచ్చాయి. 1948 ఆగస్టులో అక్కడే పోయారు. ఆయనా పోయే టికెట్టే కొన్నారు, వచ్చే టికెట్టు కొనలేదు.

ఆయన పోయాక పదేళ్లకే అట్లాంటిక్ మీద లెక్క తిరగబడింది. 1958 అక్టోబరులో జెట్ విమానాలు లండన్, న్యూయార్క్ మధ్య తిరగడం మొదలుపెట్టాయి. అయిదు రోజుల ఓడ ప్రయాణం కొన్ని గంటలైంది. ఓడ కంపెనీలు బెంబేలెత్తాయి. క్యూనార్డ్ అనే పెద్ద ఓడల కంపెనీ 1962లో ఏకంగా బ్రిటిష్ విమాన సంస్థతో కలిసి బీఓఏసీ–క్యూనార్డ్ అని పెట్టింది. 1966లో అది ముగిసింది. తర్వాతి కాలంలో అదే క్యూనార్డ్ తన క్యూఈ2 ఓడలో ఒకవైపు, బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానంలో రెండోవైపు అంటూ టికెట్లు కలిపి అమ్మింది. మన మావయ్యగారికి వచ్చిన ఆలోచన కొత్తదేమీ కాదన్నమాట. ఓడలు బండ్లవుతాయి, బండ్లు ఓడలవుతాయి అనే సామెత కంటే అట్లాంటిక్ చరిత్రకి వేరే మాట అక్కర్లేదు.

మరి ఒకవైపు విమానం టికెట్టు ఎందుకంత ధర? విమాన సంస్థలన్నీ 1945లో ఐఏటీఏ అనే సంఘం పెట్టుకుని చాలాకాలం ధరలు కూడబలుక్కుని నిర్ణయించేవి. చవక టికెట్లు సెలవులకి వెళ్లేవాళ్ల కోసం. వాళ్లు కచ్చితంగా తిరిగొస్తారు, తేదీలు ముందే చెప్తారు. వ్యాపారం మీద వెళ్లేవాడు ఎంతైనా ఇస్తాడు. అతను ఆ చవక టికెట్టు కొనేయకుండా అడ్డుకట్టగా "రానుపోను కొనాలి, ఇన్ని రోజులు ఉండి తీరాలి" అని షరతులు పెట్టారు. ఆ షరతులకి లొంగని ఒకవైపు టికెట్టుకి పూర్తి ధరే. అమెరికాలో 1978లో ధరల మీద ప్రభుత్వ పట్టు పోయింది. తర్వాత వచ్చిన చవక విమాన సంస్థలు ఒక్కోవైపు టికెట్టు విడిగా, సగం ధరకే అమ్మడం మొదలుపెట్టాయి. కానీ పెద్ద సంస్థలు దూర ప్రయాణాల మీద ఆ పాత షరతుల నీడ ఇప్పటికీ కొన్నిచోట్ల వదల్లేదు.

దీన్ని ఎదిరించినవాడు ఫ్రెడ్డీ లేకర్ అనే ఇంగ్లీషాయన. 1977 సెప్టెంబరు 26న లండన్ నుంచి న్యూయార్క్‌కి స్కైట్రెయిన్ మొదలుపెట్టాడు. ఒకవైపు టికెట్టు 59 పౌన్లు. రిజర్వేషన్ లేదు, మన ప్యాసింజర్ రైలులాగా ఆ రోజు కౌంటరుకి వెళ్లి కొనుక్కోవడమే. పెద్ద సంస్థలు ధరలు తగ్గించి పోటీకి దిగాయి. 1982 ఫిబ్రవరిలో లేకర్ దివాలా తీశాడు. ఇది చదువుతుంటే మన వ.ఉ. చిదంబరం పిళ్లై గుర్తొచ్చారు. 1906లో తూత్తుకుడి, కొలంబోల మధ్య స్వదేశీ ఓడలు నడిపితే, మన తాతలను రంగం మోసిన ఆ బ్రిటిష్ ఇండియా కంపెనీయే టికెట్టు రూపాయికి దింపింది. తర్వాత ఉచితంగా ఎక్కించుకుని గొడుగు కూడా ఇచ్చిందని చెప్పుకుంటారు. 1911కల్లా స్వదేశీ కంపెనీ మూతపడింది. ఊరికే ఇచ్చే టికెట్టు వెనక ఎప్పుడూ ఒక లెక్క ఉంటుంది.

అలాంటప్పుడు ఈ బార్సిలోనా ఓడ అంత చవకెందుకు? ఇదీ మనకి తెలిసిన లెక్కే. రాయగడలో సరుకు దించిన లారీ ఖాళీగా వెనక్కి వెళ్లడం ఇష్టంలేక తిరుగు లోడు తక్కువకే ఒప్పుకుంటుంది కదా. కిరండూల్ నుంచి జయపురం, కొరాపుట్ మీదుగా ఖనిజం దించిన వ్యాగన్లు మళ్లీ ఖాళీగా కొండెక్కడం రోజూ చూస్తూనే ఉన్నాం. ఈ ఓడలు ఎండాకాలం యూరప్ చుట్టూ, చలికాలం అమెరికా కింద కరీబియన్ దీవుల చుట్టూ తిరుగుతాయి. మధ్యలో అక్టోబరు, నవంబరుల్లో అటు, ఏప్రిల్, మే నెలల్లో ఇటు సముద్రం దాటి తీరాలి. జనం ఎక్కినా ఎక్కకపోయినా ఓడ వెళ్లాల్సిందే. అందుకే ఆ గదులు తక్కువకి. ఇక్కడ తిరిగి రావాల్సిన అవసరం ఓడకి లేదు, మనకే ఉంది. కాబట్టి తిరుగు ప్రయాణం మనమే చూసుకోవాలి.

మన పక్కనే దీని చిన్న నమూనా కూడా చూశాం. 2022 జూన్‌లో కార్డీలియా వాళ్ల ఎంప్రెస్ ఓడ విశాఖకి వచ్చింది. విశాఖలో ఎక్కి పుదుచ్చేరి మీదుగా చెన్నై వెళ్లడం, అక్కడ్నుంచి రైలో విమానమో పట్టుకుని ఇంటికి రావడం. మనవాళ్లు కొందరు వెళ్లి "ఓడ బాగుంది, తిరుగు రైలుకే వెయిటింగ్ లిస్టు" అని నవ్వుకుంటూ వచ్చారు.

మావయ్యగారి కోసం మేం నేర్చుకున్నవి చెప్తాను. మీలో ఎవరికైనా పనికొస్తాయి.

మొదటిది, రెండు ఒకవైపు టికెట్లు కొనేముందు "మల్టీ సిటీ" అని ఉండేచోట చూడండి. వెళ్లడం విశాఖ నుంచి బార్సిలోనా, రావడం మయామీ నుంచి విశాఖ. ఒకే టికెట్టు, మధ్యలో సముద్రం మనది. పెద్ద సంస్థల్లో ఇది చాలాసార్లు రెండు విడి టికెట్ల కంటే తక్కువ పడుతుంది. మావయ్యగారి విషయంలో అలాగే జరిగింది. రెండు లెక్కలూ వేసి చూడటానికి పది నిమిషాలు చాలు.

రెండోది, మాకు తెలిసిన ఒక ఏజెంటు "చవకగా ఉంది, రానుపోను కొనేసి సగం వదిలెయ్యండి" అన్నాడు. వినకండి. పోయే భాగం వాడకపోతే వచ్చే భాగం దానంతటదే రద్దవుతుంది. పోయే భాగం వాడి రెండోది వదిలేయడం చాలా సంస్థల షరతులకి విరుద్ధం.

మూడోది, ఇంటి నుంచి బయల్దేరడం. రాయగడ నుంచి రైలు, విశాఖ నుంచి ఒక విమానం, హైదరాబాదు లేదా ఢిల్లీ నుంచి ఇంకో విమానం విడివిడిగా కొంటే, ఒకటి ఆలస్యమైతే రెండోదానికి ఎవరూ పూచీ పడరు. జయపురం నుంచి 2022 చివర మొదలైన తొమ్మిది సీట్ల బుల్లి విమానమైనా అంతే. విశాఖ నుంచి బార్సిలోనా దాకా ఒకే టికెట్టు మీద తీసుకోండి. బార్సిలోనాకి రెండు రోజుల ముందే చేరండి. విమానం పోతే ఇంకో విమానం ఉంటుంది. ఓడ మాత్రం ఎవరికోసం ఆగదు.

నాలుగోది, ఓడ ధర ఒక్కో మనిషికి, గదిలో ఇద్దరుంటే అని రాస్తారు. రేవు పన్నులు, సిబ్బందికిచ్చే టిప్పులు పైన. అవి కలిపాకే విమానంతో పోల్చండి.

అయిదోది వీసాలు. బార్సిలోనాకి షెంగెన్ వీసా, మయామీకి అమెరికా వీసా. ఓడ మధ్యలో మొరాకో లాంటిచోట ఆగి మళ్లీ స్పెయిన్ దీవుల్లో ఆగితే ఒక్కసారి ప్రవేశానికిచ్చే వీసా చాలదు. విమానం లండన్‌లో మారేలా ఉంటే ట్రాన్సిట్ వీసా సంగతీ ముందే తేల్చుకోండి. డబ్బు కట్టాక వీసా రాకపోతే ఎంత వెనక్కొస్తుందో చూసుకునే కట్టండి.

ఇంకొకటి, ఇది ఖర్చు సంగతి కాదు. పడమటికి వెళ్లే ఓడలో రోజు విడిచి రోజు గడియారం ఒక గంట వెనక్కి తిప్పుతారు. బార్సిలోనా నుంచి మయామీకి ఆరు గంటల తేడా. అంటే ఆరు రాత్రులు ఒక గంట ఎక్కువ నిద్ర. విమానంలో వెళ్లి వారం రోజులు అర్ధరాత్రి మేలుకునే బాధ లేదు. అత్తయ్యగారు ఈ ప్రయాణానికి ఒప్పుకున్నది ముఖ్యంగా ఈ ఒక్క మాట విని.

టికెట్లు తీశాం. వచ్చే నవంబరులో ప్రయాణం. కిందటి వారం వీసా కాగితాలు సర్దుతూ మా ఇంట్లో కూర్చున్నాం. ఒక కాగితం దగ్గర మావయ్యగారు ఆగారు. తిరిగి స్వదేశం వస్తారనడానికి రుజువులు జతచేయాలట. పెన్షను కాగితాలు, ఇంటి పత్రాలు, మయామీ నుంచి తిరుగు టికెట్టు అన్నీ దొంతరగా పెట్టాం.

మా నాన్నగారు ఆ దొంతర వైపు చాలాసేపు చూశారు.

"తిరిగొస్తామని మనమే రుజువు చూపించాలా?" అన్నారు. "మా నాన్న వెళ్లినప్పుడు ఎవరూ అడగలేదే. తిరిగొస్తాడని ఎవరికీ అక్కర్లేదు, మా అమ్మకి తప్ప."

మావయ్యగారు ఏమీ అనలేదు. తిరుగు టికెట్టు కాగితం మరో కాపీ తీసి నాకిచ్చారు. "ఇది నీ దగ్గర ఉంచు బాబూ" అన్నారు.

మన సంఘంలో రంగం వెళ్లిన తాతలు, అస్సాం వెళ్లిన ముత్తాతలు, డర్బన్‌లో ఉండిపోయిన చుట్టాలు ఉన్న కుటుంబాలు చాలానే ఉంటాయి. మీ ఇంట్లో పెట్టె అడుగున పాత టికెట్టు ముక్కో, మేస్త్రీ రాసిచ్చిన చీటీయో, రంగం నుంచి వచ్చిన ఉత్తరమో ఉంటే ఉగాది మీటింగుకి తీసుకురండి. కాగితం లేకపోయినా ఫర్వాలేదు, పెద్దవాళ్ల నోట విన్నది చెప్పండి. ఎవరు వెళ్లారన్నది మనకి కొంతవరకు తెలుసు. ఎవరు ఎలా తిరిగొచ్చారు, ఎవరు రాలేదు అన్నది రాసిపెట్టుకున్నవాళ్లు తక్కువ. మా నాన్నగారికి గుర్తున్నంత వరకూ నేను రాసుకోవడం మొదలుపెట్టాను.